మీ వాసనేంటమ్మా

ఆ ఉదయం డాక్టర్ హైమావతి చూసిన నాలుగో నోరు కూడా నిక్షేపంగా ఉంది. పుచ్చు లేదు, చిగుళ్ళ వాపు లేదు, కదిలే పన్ను ఒక్కటీ లేదు. ఆ నోటి యజమాని కోటయ్య గారికి డెబ్బై దాటాయి. ఆ వయసులో అలాంటి పళ్ళున్న మనిషి పళ్ళ డాక్టరు గుమ్మం తొక్కాల్సిన పనే లేదు. అయినా ఈమధ్య ఆయన రోజు విడిచి రోజు వస్తున్నాడు.

నొప్పెక్కడని అడిగితే కాసేపు కుడి దవడ చూపించాడు, ఇంకాసేపటికి ఎడమ దవడ చూపించాడు. ఆమె చేతిలోని అద్దం పక్కన పెట్టి ఊరికే చూస్తూ నిలబడేసరికి దొరికిపోయినట్టు నవ్వి, బయట బల్ల మీద కాసేపు కూర్చుని వెళ్తానన్నాడు. అలాగేనంది. తీరా తలుపు తీసి చూస్తే ఆయనకి కూర్చునే చోటే లేదు.

ఇద్దరు ఆడవాళ్ళు గోడకి తలలానించి కళ్ళు మూసుకున్నారు. ఒక మేస్త్రీ ఒళ్ళో చేతులు పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు. మూలన, తెర చాటున, ఒక బాలింత పాపని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పళ్ళ డాక్టరు దగ్గర తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళ మొహాలు ఎలా ఉంటాయో హైమావతికి ఇరవై ఏళ్ళుగా తెలుసు. ఇవి ఆ మొహాలు కావు. చుట్టం ఇంటికొచ్చి భోంచేసి నడుం వాల్చినవాళ్ళ మొహాలు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. పొద్దుట్నుంచీ ఒక్కొక్కరినీ "మీ వాసనేంటి?" అని అడిగితే, అందరూ ఒకేలా తడబడి "లవం..." అని నాలుక కరుచుకుని "వామండీ" అన్నారు.

లోమాచర్లలో ఎవరినైనా మొదట అడిగే మాట అదే. పల్నాట ఎండలు మనుషులు ఓర్చుకోలేనంతగా ముదిరాక, పాత నాపరాతి గనుల అడుగున తవ్వుకున్న ఊరు అది. పైన పెనం కాలుతున్నా కింద రాయి చల్లగా ఉంటుంది. చెమట అన్న మాట పిల్లలు పుస్తకాల్లో చదువుకోవాల్సిందే. అయితే ఆ చల్లదనంతోపాటు ఒక చిక్కు కూడా వచ్చిపడింది. ఏ వీధి చూసినా అదే బూడిదరంగు రాయి, అదే వెలుతురు, అవే తలుపులు. సూర్యుడు లేడు, దిక్కులేదు. మొదటి ఏళ్ళలో జనం సొంత ఇంటికి రెండు గోడల అవతల నిలబడి దారి తెలియక ఏడ్చేవారట. రాతలు పెట్టారు, బాణాలు గీశారు. చదువు వాసన లేనివాళ్ళకీ, చూపు ఆననివాళ్ళకీ, పిల్లలకీ అవి పనికిరాలేదు.

అందుకని వీధికొక వాసన ఇచ్చారు. గోడలోంచి అరచేతి వెడల్పున పొడుచుకొచ్చిన రాతి పువ్వుల్లాంటి వాటిని ఊర్పులంటారు. అవి మనిషి ఊపిరి తీసినంత నెమ్మదిగా గాలిని వదులుతుంటాయి. ఆ గాలిలో ఆ వీధికి కేటాయించిన పదార్థం ఒక్కటే ఉంటుంది: కర్పూరం వీధికి కర్పూరం, నిమ్మగడ్డి వీధికి సిట్రాల్, లవంగం వీధికి యూజినాల్. మొక్కల నూనెల్లోంచి తీసి, కలగాపులగం లేకుండా వడగట్టిన ఒకే ఒక్క అణువు. వీధి మొదట్లో పలచగా, నడుమకి వచ్చేసరికి చిక్కగా ఉంటుంది. కళ్ళు మూసుకుని నడిచినా ఇల్లు చేరొచ్చు. ముక్కుసూటిగా పోవడం అనే మాటకి ఆ ఊళ్ళో నిజంగానే అర్థం వచ్చింది. "మీ ఇల్లెక్కడ" అనే ప్రశ్న పోయి "మీ వాసనేంటి" అనే ప్రశ్న వచ్చింది. పెళ్ళి సంబంధాలు మాట్లాడుకునేవాళ్ళు కూడా పిల్ల కర్పూరం వాళ్ళమ్మాయి, మంచి కుటుంబం అని చెప్పుకునేవారు.

దీనికోసం జనం కొన్ని వదులుకున్నారు. మల్లెపూలు పెట్టుకుని వీధిలో తిరగకూడదు. అగరొత్తి వెలిగించకూడదు. పోపు పెట్టుకోవాలంటే వాసనబిగి వంటగదిలో, తలుపు వేసి, గాలి పీల్చే యంత్రం ఆడుతుండగా పెట్టుకోవాలి. ప్రతి వీధి మొదట్లోనూ ముక్కుకాపు అనే యంత్రం ఒకటి నిలబడి, పరాయి వాసన మోసుకొచ్చినవాళ్ళని ఆపుతుంది. అయినా ఎవరూ పెద్దగా సణగలేదు. తప్పిపోయిన పిల్ల కోసం ఊరంతా గాలించిన రోజులు అందరికీ గుర్తున్నాయి.

ఈ ఏర్పాటులో ఒకే ఒక్క పొరపాటు జరిగింది, అది కూడా భక్తివల్ల. కొత్త వీధి తవ్వినప్పుడు దానికేం పేరు పెడదామంటే సభలో అందరూ ఏకకంఠంతో తులసి అన్నారు. కాదనే ధైర్యం ఎవరికుంది? తులసి నూనె తెప్పించి వడగడితే, అందులో ముఖ్యమైన పదార్థం యూజినాలే అని తేలింది. లవంగంలో ఉన్నా, తులసిలో ఉన్నా, తమలపాకులో ఉన్నా యూజినాల్ యూజినాలే. మొక్కలో దాని చుట్టూ ఇంకో పాతిక పదార్థాలు చేరితేనే ఒకటి లవంగమనీ ఒకటి తులసనీ తెలుస్తుంది. వడగట్టాక మిగిలేది ఒకటే వాసన. లవంగం వాళ్ళు తులసి వీధిలో పరాయి తలుపులు తట్టడం, తులసి వాళ్ళు లవంగం వీధిలో పరాయి మంచాలెక్కడం మొదలైంది. రెంటిలో ఒకటి మార్చాలి. తులసమ్మని కదిలించడానికి ఎవరికీ నోరు రాలేదు. ఆ విధంగా, లవంగం వీధి ఒక ఉదయాన వాము వీధి అయింది.

ఆ వీధివాళ్ళు కూడా పెద్దగా సణగలేదు. ముక్కుకి ఒక గుణముంది: రోజూ ఉండే వాసనని అది లెక్కచెయ్యడం మానేస్తుంది. తమ వీధికి లవంగం వాసన ఉందన్న సంగతే వాళ్ళు ఎప్పుడో మరిచిపోయారు. కాబట్టి ఏం పోయిందో వాళ్ళకి తెలియలేదు. ఏదో పోయిందని మాత్రం తెలిసింది. కొందరికి నిద్ర పట్టలేదు, కొందరికి ముద్ద దిగలేదు. మెల్లగా ఒకరి తర్వాత ఒకరికి పంటినొప్పులు మొదలయ్యాయి.

పంటి గుంటలో పెట్టే ముద్దని జింకు పొడీ లవంగనూనే కలిపి నూరుతారు. పరాయివాళ్ళని గుమ్మంలో కూర్చోనివ్వని తులసి వీధి కాకుండా, ఊరంతటిలోనూ ఆ వాసన ఉండడానికి అనుమతి ఉన్న గది హైమావతిది ఒక్కటే. ఇరవై ఏళ్ళుగా అందులోనే ఉండడంతో ఆమె ముక్కుకి అది ఆనదు. తన గదిలో ఏముందో తనకి తెలియకుండానే ఆమె ఇన్నాళ్ళూ పళ్ళు వెతికింది.

మధ్యాహ్నానికి అందరూ ఒకరొకరే లేచి వెళ్ళారు. తెర చాటున బాలింత మిగిలింది. పేరు దీవెన. పాతికేళ్ళలోపు పిల్ల. నాలుగో నెల నడుస్తున్న పాప ఆమె రొమ్ముకి కరుచుకుని, ఎవరో లాక్కుంటారన్నంత ఆత్రంగా తాగుతోంది. ఆ పిల్ల ఉండాల్సినంత బరువు లేదని హైమావతి చూడగానే గ్రహించింది. పక్కన బల్ల మీద కూర్చుని, నీ పంటికేమీ లేదు కదమ్మా అని నెమ్మదిగా అంది.

దీవెన తల దించుకుంది. "లేదమ్మా. అబద్ధం చెప్పా. పాప కోసం వస్తన్నా."

తర్వాత కొంచెం కొంచెంగా చెప్పింది. వీధి వాసన మారిన మర్నాటి నుంచీ పాప పాలు తాగడం మానేసింది. ఒళ్ళోకి తీసుకుంటే మొహం తిప్పేస్తుంది. పిల్లల డాక్టరు అన్నీ చూసి రోగమేమీ లేదన్నాడు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోస్తుంటే కొంత తాగి కొంత కక్కుతోంది. పిల్ల చీకకపోవడంతో పాలు కూడా తగ్గిపోతున్నాయి. భర్త శౌరి గనుల చివర కొత్త తవ్వకంలో పనిచేస్తాడు. ఇంటికొచ్చి, పాపని ఎత్తుకుని పచార్లు చేసి, చేసేదేం లేక ఊరుకుంటాడు. ఒకరోజు నిజంగానే చిగురు వాచి ఇక్కడికి వచ్చింది. తలుపు దాటగానే పాప తనంతట తానే మొహం తిప్పి వెతుక్కుంది.

"ఇంట్లో ఎవురో పరాయిమనిషి ఎత్తుకున్నట్టు బిగుసుకుపోయిద్దమ్మా," అంది దీవెన. "ఇంట్లో నేను దానికి అమ్మని కాను. ఇక్కడికొస్తేనే అమ్మనవుతన్నా."

 పిల్లల్లేని హైమావతి చాలామంది పిల్లల పాలపళ్ళు పీకింది గానీ, ఇలాంటి మాట ఎన్నడూ వినలేదు. పుట్టిన బిడ్డ తల్లిని కళ్ళతో కాక ముక్కుతో గుర్తుపడుతుందని చదువుకున్న రోజుల్లో చదివింది. ఈ పాప పుట్టినప్పటి నుంచీ పీల్చిన తల్లి ఒంట్లో, చీరలో, జుట్టులో ఉన్నదంతా యూజినాల్. అది తీసేసి వాము పెడితే, పాప లెక్కలో తల్లి వెళ్ళిపోయింది, ఆమె చీర కట్టుకుని ఇంకెవరో వచ్చారు.

ఆ సాయంత్రం హైమావతి ఒక తప్పు పని చేసింది. దూది మీద రవ్వంత లవంగనూనె అద్ది, గుడ్డలో చుట్టి, పాప ఒంటికి తగలకుండా పక్కన ఉంచుకోమని దీవెనకిచ్చింది. వీధి మొదట్లోనే ముక్కుకాపు గంట కొట్టింది. ఊరి గాలిని చూసుకునే గాలికచేరి మనుషులు దీవెనని నిలబెట్టి, గుడ్డ లాక్కుని, వాసన దొంగతనం మొదటిసారి కాబట్టి మందలించి వదిలేశారు. నూనె ఎక్కడిదో తెలుసుకోవడం వాళ్ళకి పెద్ద పనేం కాదు.

మర్నాడు నరహరి వచ్చాడు. అతను హైమావతి మరిది, గాలికచేరిలో పెద్ద ఇంజనీరు. ఊర్పుల్ని మార్చిన మనిషి కూడా అతనే. చిన్నప్పుడు వదిన చేత పన్ను పీకించుకుని నాలుగు రోజులు ఆమెతో మాట్లాడనివాడు, ఇప్పటికీ ఆ కుర్చీకి దూరంగా నిలబడతాడు. మొహమాటపడుతూనే వచ్చిన పని చెప్పాడు. ఈ గది వాసన బయటికి పోతోందని ఫిర్యాదు వచ్చింది. రేపు పనివాళ్ళొచ్చి బయటి గదికి కూడా పీల్పుయంత్రం బిగిస్తారు. ఆ తర్వాత లోపలి కుర్చీ దగ్గర తప్ప ఎక్కడా వాసన ఉండదు.

హైమావతి అతనికి పాప సంగతి చెప్పింది. అతను శ్రద్ధగానే విన్నాడు. విని, మార్పు తర్వాత ఫలితాలన్నీ బాగున్నాయనీ, తప్పిపోయినవాళ్ళు ఆ వీధిలో ఒక్కరు కూడా లేరనీ చెప్పాడు.

"ఒక్కరు కూడా లేరా?" అంది ఆమె. "మరి ఈ బల్లల మీద కూర్చుంటున్నవాళ్ళెవర్రా?"

నరహరి తెర వైపు చూశాడు. తెర కింద దీవెన పాదాలు కనిపిస్తున్నాయి, లోపల్నుంచి పాప గుటకలు వినిపిస్తున్నాయి. 

"లవంగం వెనక్కి ఇచ్చెయ్యమంటావు. ఇవ్వగలను, ఒక్క మీట నొక్కితే చాలు," అన్నాడు చివరికి. "కానీ వదినా, తులసి వీధిలోనూ పసిపిల్లలున్నారు. వాళ్ళ దగ్గర్నుంచి లాక్కోనా?"

 అతను చెడ్డవాడైతే హైమావతి తిట్టి పంపించేది. అతను చెప్పింది నిజం కావడమే ఆమెని కుదేలు చేసింది. తెర వెనకనుంచి గుటకల చప్పుడు ఆగింది. దీవెన అంతా వింది. రేపటి నుంచి ఈ గది కూడా లేదన్న సంగతి ఆమెకి అర్థమైంది.

తెర పక్కకి తీసి, ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి హైమావతి దగ్గరికెళ్ళింది. అప్పుడొకటి గమనించింది. కడుపు నిండిన పాప ఊరుకోకుండా, తల్లి మెడ ఒంపులో ముక్కు దూర్చి ఇంకా దేనికోసమో వెతుకుతోంది. పాలు దొరికాయి కదా, ఇంకా ఏం కావాలి? ఆ పిల్ల వెతికేది లవంగం కాదేమో. లవంగం వెనక ఉండాల్సినది ఇంకేదో ఉంది. పాప పుట్టినప్పటి నుంచీ ఊర్పులు దాన్ని కప్పేశాయి.

హైమావతి ఏడాదికోసారి పైకి వెళ్ళేది. పెద్దవాళ్ళందరికీ ఆ సెలవు ఉంది, వాడుకునేవాళ్ళే తక్కువ. పైన మొదటిసారి చెమట పట్టినప్పుడు తన చెయ్యి తనకే వాసనొచ్చి, ఇదేమిటని గాభరాపడి, తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. కర్పూరం కాదు, లవంగం కాదు. తనది. ఈ ఊళ్ళో ఎవరి వాసన వాళ్ళకి తెలియదు. వీధి వాసనే అందరిదీ.

నరహరిని ఒకటే అడిగింది. రేపు తెల్లవారేసరికి ముగ్గురికి పైద్వారం తెరిపించమంది. నాలుగు నెలల పిల్లని పైకా అని అతను జంకాడు. ఎండ ముదరకముందే దింపేస్తానని మాటిచ్చింది. అతను ఒప్పుకుని వెళ్ళిపోయాడు.

తెల్లవారుజామున దీవెన పాపతో వచ్చింది. హైమావతి తల్లికి ఉత్త నీళ్ళతో తలంటి స్నానం చేయించి, పనిముట్లు కడిగే ఆవిరిలో ఉడికించిన నూలుచీర కట్టించింది. పాప గుడ్డలు కూడా అలాగే ఉడికించి, తనూ ఉత్త నీళ్ళతో స్నానం చేసి ఉడికించిన చీరే కట్టుకుంది. ముగ్గురూ ఏ వాసనా లేకుండా ఎక్కుడుపెట్టెలో కూర్చుని పైకి వెళ్ళారు. పైద్వారం కాపలావాడు మస్తాన్‌వలీ తలుపు తీస్తూ, ఎండ బండ మీదికి రాగానే పిలుస్తాననీ, పిలిచిన వెంటనే వచ్చెయ్యాలనీ చెప్పాడు.

పైన ఆకాశం ఇంకా లేతగా ఉంది. దీవెన దాన్ని చూసింది చిన్నప్పుడెప్పుడో ఒకసారి. అలా తలెత్తి నిలబడిపోతే హైమావతి భుజం పట్టి బండ నీడలో కూర్చోబెట్టింది. గాలి మెల్లగా వీస్తోంది. అందులో దుమ్ము వాసన, ఎండిన గడ్డి వాసన. పాపని రొమ్ముకి దగ్గరగా తీసుకుంది దీవెన. పాప మొహం తిప్పేసుకుంది.

మళ్ళీ ప్రయత్నించింది. పాప బిగుసుకుపోయి ఏడుపందుకుంది. గాలికి ఆ ఏడుపు ఎక్కడికో కొట్టుకుపోయింది. తాను పొరబడ్డానని హైమావతికి అనిపించింది. పిల్లకి తెలిసింది లవంగం ఒక్కటే అయితే, ఇక్కడ ఏమీ లేనిచోటికి తెచ్చి, ఉన్న కాస్త ఆధారం కూడా లాగేసినట్టే. 

తూర్పున సూర్యుడు లేచాడు. రాయి వేడెక్కడం మొదలైంది. నిమిషాల్లో గాలి మారిపోయింది. లోపల్నుంచి మస్తాన్‌వలీ ఒకసారి కేకేశాడు. హైమావతి లేచి చెయ్యి అందించింది. దీవెన ఆ చెయ్యి అందుకోలేదు. తన మెడ తడుముకుని, తడిసిన వేళ్ళని వింతగా చూసుకుంటోంది.

"ఇదేందమ్మా?" అంది.

"చెమట," అంది హైమావతి.

నుదుటి మీద, మెడ ఒంపులో, రొమ్ముల నడుమ సన్నగా చెమట పుట్టింది. పాప ఏడుపు మధ్యలో తెగింది. తల అటూ ఇటూ ఆడించింది. ముక్కుపుటాలు కదిలాయి. మెడ ఒంపులో ఒకసారి ముక్కు ఆనించి, అక్కణ్ణుంచి కిందికి, తొందర లేకుండా, దారి తెలిసిన మనిషిలా దిగింది. ఏ ఊర్పూ ఊదనిది, ఏ కచేరీ కేటాయించనిది, పసిది పసిగట్టింది. రొమ్ము అందుకుంది. తాగడం మొదలుపెట్టింది.

మస్తాన్‌వలీ మళ్ళీ పిలిచాడు.  హైమావతి తన కొంగు విప్పి, వాళ్ళిద్దరి మీదా ఎండ పడకుండా రెండు చేతుల్తో పట్టుకుని నిలబడింది. అలా నిలబడి ఏడ్చింది. దీవెన వంగి తన భుజాన్ని తనే వాసన చూసుకుంది. మళ్ళీ చూసుకుంది. రేపు కూడా రావచ్చా అని అడిగింది. నరహరి చేత మళ్ళీ తలుపు తెరిపిస్తాను, రావచ్చంది హైమావతి. కిందికి వెళ్ళాక వాము గాలిలో పాప ఈ వాసనని నిలబెట్టుకోగలదో లేదో ఆమెకి తెలియదు. ఒకసారి తెలిసిన దారి కదా అనుకుంది. లోమాచర్లలో ఎంతమంది తల్లులున్నారో, వాళ్ళలో ఎంతమందిని బిడ్డలు వీధి వాసనతోనే గుర్తుపడుతున్నారో నరహరి ఏనాడైనా ఆలోచించి ఉంటాడా అని కూడా అనుకుంది.

లోపలికి అడుగుపెట్టేచోట పైద్వారం ముక్కుకాపు, ముందు నడుస్తున్న దీవెన ఎదుట ఎర్రదీపం వెలిగించి ఆగిపోయింది. దానికి తెలిసిన వాసనల్లో ఒక్కటి కూడా ఆమె దగ్గర లేదు. మస్తాన్‌వలీ యంత్రాన్ని రెండుసార్లు తట్టి చూశాడు. లాభం లేక, అందరినీ అడిగే మాటే ఆమెనీ అడిగాడు.

"మీ వాసనేంటమ్మా?"

వాము అని చెప్పబోయి దీవెన ఆగింది. పాప ఆమె మెడ ఒంపులో ముక్కు దాచుకుని నిద్రపోతోంది.

"నాకు తెలవదన్నా," అంది. "దీనికి తెలుసు."